రాచ్‌డేల్ దుకాణం, ఆ తర్వాత వచ్చిన మిల్లు

సహకారోద్యమంపై మనవాళ్ళ వ్యాసాలు చాలావరకు ఒకే వాక్యంతో మొదలవుతాయి: 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది నేతపనివాళ్ళు 28 పౌన్ల మూలధనంతో దుకాణం తెరిచారని. నేత కుటుంబంలో పుట్టినవాణ్ణి కనుక నేనూ ఆ వాక్యాన్ని సభల్లో కాస్త గర్వంగానే వల్లించాను. అయితే అందరూ నేతపనివాళ్ళు కారు. జేమ్స్ స్మితీస్ ఉన్ని వేరుచేసే పనివాడు. అది చిన్న సవరణ. పెద్ద సవరణ వేరే ఉంది.

అంతకుముందు ఫ్లానెల్ నేతవాళ్ళు కూలి పెంచమని అడిగి ఓడిపోయారు. కొట్లో అరువు తీరేది కాదు. అరువున్నవాడికి సరుకు బాగులేదనే నోరుండదు. కల్తీ ఆ రోజుల్లో వర్తక ధర్మంలా నడిచింది. కూలి పెంచుకోలేనివాళ్ళు ఆ కూలితో కొనే తిండినైనా తమ చేతిలోకి తెచ్చుకోవాలనుకున్నారు. వారానికి రెండు పెన్నీల చొప్పున కూడబెట్టారు. 1844 డిసెంబరు 21 రాత్రి టోడ్ లేన్‌లో తలుపు తీసేసరికి లోపలున్నది కాస్త వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు. వీధి కుర్రాళ్ళు గేలి చేశారు.

వాళ్ళ గొప్పతనం సరుకులో లేదు, నిబంధనల్లో ఉంది. అరువు లేదు. వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒకే ఓటు. పెట్టుబడికి పరిమితమైన వడ్డీ. మిగులు మాత్రం ఎవరు ఎంత కొన్నారో ఆ లెక్కన పంపకం. స్త్రీలకు సభ్యత్వం ఇచ్చారు. మిగులులో రెండున్నర శాతం చదువుకు కేటాయించి గ్రంథాలయం నడిపారు. సాహిత్యకారులం కనుక ఈ చివరిది మనకు ముందుగా కనిపిస్తుంది, అది సహజమే. కాని ఇళ్ళు కట్టడం, భూమి సంపాదించడం, సొంతంగా ఉత్పత్తి చేయడం కూడా వాళ్ళ తొలి పత్రంలోనే ఉన్నాయి. దుకాణం వాళ్ళకు తొలిమెట్టు మాత్రమే.

ఆ ఉత్పత్తి దగ్గరే కథ అడ్డం తిరిగింది. 1854లో సహకార మిల్లు పెట్టి, లాభంలో పెట్టుబడితో పాటు పనిచేసేవాళ్ళకూ భాగమన్నారు. మిల్లు బాగా నడిచింది. లాభం కనపడగానే వాటాలు కొనేవాళ్ళు వచ్చారు. వాళ్ళలో చాలామందికి మరమగ్గంతో పని లేదు. 1862లో ఓటు వేసి కార్మికుల భాగాన్ని తీసేశారు. దొంగలెవరూ పడలేదు. అంతా సభ్యుల ఓటుతోనే జరిగింది.

మన చరిత్రకారులు ఈ 1862ను ఎందుకో దాటేస్తారు. మార్క్స్ దాటెయ్యలేదు. 1864లో ఇంటర్నేషనల్ ప్రారంభ ప్రసంగంలో సహకార కర్మాగారాలను శ్రమ సాధించిన పెద్ద విజయంగా మెచ్చుకుంటూనే, విడివిడి ప్రయత్నాలుగా మిగిలితే అవి గుత్తాధిపత్యాన్ని ఆపలేవన్నాడు. 1866 జెనీవా మహాసభ తీర్మానం ఇంకా నిర్దిష్టం: దుకాణాలకన్నా ఉత్పత్తి సంఘాలకు ప్రాధాన్యమివ్వాలి, వాటా ఉన్నా లేకపోయినా పనివాళ్ళందరికీ సమానంగా పంచాలి. రాచ్‌డేల్ మిల్లు కళ్ళముందు లేకుండా ఆ రెండో మాట పుట్టిందని నేననుకోను.

ఇదంతా చదువుతున్నప్పుడు మా ఊరి చేనేత సంఘమే నాకు పదేపదే గుర్తొచ్చింది. మా నాన్న అందులో సభ్యుడు. నూలు చిలపలు సంఘం ఇచ్చేది, మజూరీ సంఘం ఇచ్చేది. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి ఎరగని షావుకారు అధ్యక్షుడయ్యాడు. అతనికీ ఒకటే ఓటు. కాని అతని దగ్గర అప్పున్న ఇళ్ళు నలభై. ఆ నలభై చేతులూ ఎటు లేచేవో వేరే చెప్పాలా? అరువు వద్దన్న రాచ్‌డేల్ నిబంధన కొట్టు లెక్కల కోసమే పెట్టిందని చాలాకాలం అనుకున్నాను. ఎన్నికల రోజున నాన్న చెయ్యి ఎత్తి, ఇంటికొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆసు పోస్తున్న అమ్మ పక్కన కూర్చున్నప్పుడు నాకు పన్నెండేళ్ళు.