చర్చి బల్లలు చెప్పిన గ్రామచరిత్ర

ఇంగ్లండు దేశపు పశ్చిమభాగమున, వేల్సు సరిహద్దునకు సమీపమున, ష్రాప్‌షర్ అను మండలము కలదు. దాని ముఖ్యపట్టణమగు ష్రూస్‌బరికి ఉత్తరముగా సుమారు ఎనిమిది మైళ్ల దూరమున నున్న చిన్న గ్రామము మిడిల్. అది రాజధాని కాదు, పుణ్యక్షేత్రము కాదు. శిథిలమైన కోటగోడ ఒకటి, ఒక చర్చి, చుట్టును పొలములు, పచ్చికబయళ్లు. అయినను పదునేడవ శతాబ్దమున ఇంగ్లీషు పల్లెజనులు ఎట్లు బ్రదికిరో ఎరుగదలచిన చరిత్రకారులందరును ఈ గ్రామమునకు రావలసినదే. దానికి కారణము రిచర్డ్ గఫ్ అను ఒక వృద్ధుడు.

గఫ్ 1635వ సంవత్సరము జనవరిలో ఆ పేరిషు లోనే జన్మించెను. పేరిషు అనగా ఒక చర్చికి చెందిన గ్రామసముదాయము. మతమునకే గాక, పన్నులకు, బాటలకు, బీదల పోషణకు గూడ ఆ కాలమున అదియే ఆధారము. గఫ్ సొంత భూమి గల రైతు, లాటిను నేర్చినవాడు, యౌవనమున ఒక న్యాయాధికారి కడ గుమాస్తాగా పనిచేసి, చట్టపు కిటుకులు తెలిసికొన్నవాడు. అరువదియైదేండ్లు నిండిన పిమ్మట, 1700 మొదలు 1702 వరకు, తన గ్రామమును గూర్చి రెండు గ్రంథములు వ్రాసెను. మొదటిది అందరును వ్రాయు పద్ధతిలోనిదే: కోట ఎవరిది, ప్రభువులెవరు, పురోహితులెవరు, ఎల్లలెక్కడ. రెండవదానికి సాటి మరియొకటి లేదు.

ఆ రోజులలో చర్చిలో ఎవరికి తోచినచోట వారు కూర్చుండుటకు వీలులేదు. ఒక్కొక్క బల్ల ఒక్కొక్క ఇంటికో, కమతమునకో చెందియుండెను. ముందు వరుసలు భూస్వాములవి. వారి వెనుక రైతులు. అందరికన్న వెనుకను, గోడప్రక్కలను గుడిసెవాసులు. ఆదివారమునాడు చర్చిలోనికి తొంగిచూచినచో గ్రామములోని అంతస్తులన్నియు వరుసగా కూర్చున్నట్లుండెడివి. గఫ్ ఈ బల్లల పటము గీసి, ఒక్కొక్క బల్ల యెదుట నిలిచి, దానిపై కూర్చున్న కుటుంబము ఎచ్చటనుండి వచ్చినదో, ఎవరిని ఎవరు పెండ్లాడిరో, ఆస్తి ఎట్లు వచ్చి ఎట్లు పోయెనో చెప్పుకొనిపోయెను.

ఆయన ఎవరిని దాచలేదు. సారాదుకాణములో భార్య చేసిన అప్పునకు ఒకమారు పది పౌనులు చెల్లించిన భర్త అందులో నున్నాడు. తండ్రి కూడబెట్టినది తాగి తగులబెట్టిన కొడుకులు పెక్కుమంది. పొరుగువారి గుణదోషములు లెక్కించుటలో గఫ్ గారికి కొంత రుచి యున్నదని చదువరికి అనుమానము కలుగక మానదు. అయితే ఆ రుచియే మనకు లాభించినది. వంశచరిత్రలు వ్రాయువారు సాధారణముగా తాతముత్తాతలకు పట్టువస్త్రములు కట్టుదురు. గఫ్ వారిని ఇంటిబట్టలతోనే చూపెను.

1642లో మొదటి చార్లెసు రాజునకును పార్లమెంటునకును యుద్ధము వచ్చెను. రాజపక్షమున సర్ పాల్ హారిస్ అను ప్రభువు మిడిల్ కొండపైకి జనులను పిలిపించి, సైన్యమున చేరువారికి వారమునకు పదునాలుగు గ్రోటులు, అనగా 4 షిల్లింగుల 8 పెన్నీలు, జీతమని ప్రకటింపజేసెను. ఆ వేడుక చూచుటకు పోయిన పిల్లలలో గఫ్ ఒకడు. తనకప్పుడు ఎనిమిదియో తొమ్మిదియో ఏండ్లని ఆయన వ్రాసెను. పుట్టిన సంవత్సరముతో లెక్కవేసినచో ఏడేండ్లు నిండి ఎనిమిదవ ఏడు నడచుచుండెను. జ్ఞాపకమున కాగితముతో సరిచూచుకొను అలవాటు చరిత్రకారునకు ఎందుకు కావలెనో దీనివలన తెలియును.

ఆ చుట్టుపట్ల మూడు పల్లెలనుండి రాజు కొరకు ఇరువదిమంది పోయిరి. పదుముగ్గురు చచ్చిరి. మూడు చిన్న పల్లెలకే ఇంత నష్టమైనచో దేశమంతటను ఎన్ని వేలమంది చచ్చిరో ఊహింపవచ్చునని గఫ్ తలపోసెను. మిడిల్‌లోనే ఒక చిన్న పోరు జరిగెను. గుర్రమునకు లాడములు వేయించుకొనుటకు కమ్మరికొలిమి కడ ఆగిన రాజపక్షపు అధికారి ఒకడు తుపాకిదెబ్బ తిని, ఆ కమ్మరి యింట నేలపై పడెను. పరుపు కావలెనని అడిగెను. ముందుదినమే అతడు దోపిడిలో పరుపు ఎత్తుకొనిపోయి యుండెను. ఇంక పరుపెక్కడిదని ఇంటివారి సమాధానము. అతడు క్షమింపుమని వేడుకొనెను. గఫ్ బాలుడై పోయి ఆ మనిషిని చూచెను. నేలమీద పారిన రక్తమును అరువదియేండ్ల పిమ్మట గూడ మరువలేదు.

పరుపునకు ఇంత గొడవ ఏల అని తోచవచ్చును. ఆ కాలపు ఇంగ్లండులో గృహస్థుడు మరణించినచో పొరుగువారు ఇద్దరు ముగ్గురు వచ్చి, ఇంటిలోని వస్తువులన్నిటికి వెలకట్టి పట్టిక వ్రాసి, మతన్యాయస్థానమునకు దాఖలు చేసెడివారు. పశువులు, ధాన్యము, కుండలు, ఇత్తడి సామాను అన్నియు అందులో వచ్చును. ఈకల పరుపు చాలమంది ఇండ్లలో విలువగల సొత్తు. ఆ పట్టికలు చదివినవారికి కమ్మరి యింటి కోపము అర్థమగును.

డేవిడ్ హే అను చరిత్రకారుడు 1974లో ప్రకటించిన గ్రంథమున గఫ్ మాటలను వీలునామాలతో, ఈ పట్టికలతో, పొయ్యిపన్ను జాబితాలతో, చర్చి పుస్తకములతో పోల్చి చూచెను. ముసలివాడు చెప్పినదానిలో అధికభాగము నిలిచినది.

ఆ చర్చి పుస్తకములను గూర్చి కొంత చెప్పవలెను. మన పల్లెలలో కరణముల దండకవిలెలెట్టివో, అచ్చటి పరిశోధకునకు ఇవి యట్టివి. 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్, ప్రతి పేరిషులోను జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు వ్రాసియుంచవలెనని ఆజ్ఞాపించెను. పన్ను వేయుటకే ఈ లెక్కలని జనులు భయపడిరి. కాగితములు చివుకుచుండగా 1598లో పాతవన్నియు తోలుపత్రములపై ఎక్కింపుడనిరి. ఎలిజబెత్ రాణి రాజ్యమునకు వచ్చిన 1558 మొదలుగా ముఖ్యముగా ఎక్కింపుడని ఆ ఆజ్ఞలో నున్నందున, బద్ధకస్థులగు గుమాస్తాలు అంతకు ముందున్నది విడిచిపెట్టిరి. ఇరువదియేండ్ల చరిత్ర ఒక్క మాటతో అనేక గ్రామములలో పోయినది. 1642 నుండి 1660 వరకు యుద్ధము, గందరగోళము, పుటలు ఖాళీ. మరియొక చిక్కు పంచాంగముది. 1752కు ముందు అచ్చట సంవత్సరాది మార్చి 25. అందుచేత జనవరిలో పుట్టిన గఫ్ మనకు 1635వ యేటివాడైనను, ఆనాటి లెక్కలో 1634వ యేటివాడే. ఈ సంగతి ఎరుగని పరిశోధకునకు తల్లిదండ్రుల వివాహమునకు ముందే బిడ్డ పుట్టినట్లు కనబడి కంగారు కలుగును.

1837 జూలై 1నుండి జననమరణముల నమోదు ప్రభుత్వము చేతికి వచ్చెను. 1841 నుండి జనాభా లెక్కలలో ప్రతి మనిషి పేరు కలదు. 1851లో పుట్టిన పేరిషు గూడ వ్రాసిరి. దానివలన వెనుకకు పోవుటకు దారి దొరకును. 1978 నాటి చట్టముచేత నూరేండ్లు దాటిన చర్చి పుస్తకములు మండల దస్త్రాగారములకు చేరవలసివచ్చెను. నేడు వానిలో అనేకము ఇంటనే కూర్చుండి తెరపై చూడవచ్చును.

ఇదే మండలమున మోర్టన్ సే అను పేరిషులో, గఫ్ చనిపోయిన రెండేండ్లకు, 1725లో, రాబర్ట్ క్లైవ్ పుట్టెను. 1765లో మొగలు చక్రవర్తి నుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా పొంది, మన తీరాంధ్రపు చరిత్ర మార్చినవాడు ఆయనయే. 1774లో మరణించి ఆ చిన్న చర్చిలోనే పూడ్చబడెను. సరిగా ఏ చోటనో గుర్తు లేదు. ప్రభువైనను కూలివాడైనను వెదుకవలసినది ఆ పల్లె పుస్తకములలోనే.

అయితే కూలివానికి వీలునామా ఉండదు, పట్టిక ఉండదు. అతడు కాగితముపైకి ఎక్కునది కష్టము వచ్చినప్పుడే. 1601 చట్టముచేత ప్రతి పేరిషు తన బీదలను తానే పోషింపవలెను. 1662 చట్టముచేత, ఏటికి పది పౌనులకు తక్కువ అద్దెగల ఇంటికి వచ్చినవాడు తమకు భారమగునని తోచినచో నలువది దినములలోపల ఫిర్యాదు చేసి వెనుకకు పంపివేయవచ్చును. కావున నీవెక్కడ పుట్టితివి, ఎవరి కడ ఏడాది పని చేసితివి అని న్యాయాధికారులు ప్రశ్నించి వ్రాసికొనిరి. గర్భవతులగు అనాథస్త్రీలను ఎల్ల దాటించుటకు పడిన తొందర ఆ దస్త్రములలో స్పష్టముగా కనబడును. వెళ్లగొట్టుటకు వ్రాసిన కాగితములే నేడు ఆ బీదల సంతతివారికి తమ పూర్వుల జీవితమును గూర్చి దొరకు ఏకైక కథనములు. గఫ్ తన గ్రంథము చివర ఇట్టి వ్యాజ్యములు పెక్కు వివరించెను. పన్ను చెల్లించువాడు గనుక ఆయన సానుభూతి బీదలవైపు కన్న పేరిషు ఖజానావైపే మొగ్గినది. చట్టము తెలిసినవాని గర్వము గూడ అచ్చట తొంగిచూచును.

ఆయన వ్రాతప్రతి 1834 వరకు అచ్చుకాలేదు. యుద్ధమునకు పోయిన ఇరువదిమందిలో ఒక కుర్రవాని పేరు అందులో కలదు: రిచర్డ్ చలోనర్. అధికారి పరుపు అడిగిన ఇంటి కమ్మరికి అన్నదమ్ముని కొడుకు. వివాహము లేక పుట్టినవాడు. పేరిషు ఖర్చుతో కొంత పెరిగినవాడు. ఒళ్లు వచ్చిన వెంటనే ష్రూస్‌బరికి పోయి సైన్యమున చేరెను. 1642 అక్టోబరు 23న ఎడ్జిహిల్ యుద్ధములో నుండెను. పిమ్మట అతని సంగతి ఆ ఊరివారెవరును వినలేదు. దూరమున చచ్చినవానికి సొంత ఊరి ఖననపు పుస్తకములో పంక్తి యుండదు. అరువదియేండ్లకు ఒక వృద్ధుడు బల్లల వరుసలో కమ్మరి కుటుంబము దగ్గర ఆగి జ్ఞప్తికి తెచ్చుకొన్నందున ఆ పేరు మిగిలినది.