ఫియట్‌కి ఖరీదు కట్టినవాళ్లు

బంగారానికి ఖరీదు కట్టడం మనకెవరూ నేర్పక్కర్లేదు. కంసాలి గాజులు త్రాసులో పెట్టేలోపే ఇవాళ్టి రేటెంత, తరుగు ఎంత తీస్తాడు, రాళ్ల బరువు పోతే ఎంత మిగులుతుంది అని మనసులో లెక్క అయిపోతుంది. పొలమైతే పక్క చేను ఎంతకి పోయిందో ఊరంతా చెప్తుంది. ఇంట్లో షెడ్డులో ఉన్న పాత కారు ఖరీదెంతో మాత్రం ఎవరికీ తెలియదు. అడిగితే ఇన్సూరెన్స్ కాగితం తీసి చూపిస్తారు. మా ఇంట్లో ఆ కాగితం మీద ఉన్న అంకె 30,000.

ఆ కారు మా మామయ్యగారి ఫియట్ 1100 డిలైట్, 1966 నాటిది. ఆయన పోయాక పంపకాల మాట వచ్చినప్పుడు మా బావగారు "కారు నేను ఉంచుకుంటాను, నా వాటాలో ముప్ఫై వేలు తగ్గించుకోండి" అన్నారు. కాగితంలో ఉన్నదే చెప్పారు కాబట్టి తప్పు పట్టడానికేం లేదు. మా ఆడపడుచు కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఆ ఖరీదుకైతే నాకివ్వండి అన్నయ్యా, రేపే డబ్బు తెచ్చి తీసుకెళ్తాను" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంటే ఆ కారు ముప్ఫై వేలది కాదని అక్కడున్న అందరికీ తెలుసన్నమాట. మరి ఎంతది? అది తేల్చడానికి నేను కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, కారు చరిత్ర మొత్తం తవ్వాల్సి వచ్చింది. తవ్వగా నాకు అర్థమైంది ఒకటే. ఆ బండి అదే బండి. దాని ఖరీదు మాత్రం ఆ కాలంలో ఖరీదు కట్టేది ఎవరన్న దాన్ని బట్టి మారుతూ వచ్చింది.

మొదట్లో కట్టింది ప్రభుత్వం. మన దేశంలో కార్ల కంపెనీలు స్వాతంత్ర్యానికి ముందే మొదలయ్యాయి. బిర్లాల హిందుస్తాన్ మోటార్స్ 1942లో, వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో. విడిభాగాలు బయటినుంచి తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే జనరల్ మోటార్స్, ఫోర్డ్ లాంటి విదేశీ కంపెనీలు కూడా ఉండేవి. ఇక్కడే తయారుచేసే ఉద్దేశం ఉన్నవాళ్లకే చోటని ప్రభుత్వం 1953 ప్రాంతంలో తేల్చి చెప్పడంతో అవి సర్దుకుని వెళ్లిపోయాయి. చివరికి మధ్యతరగతివాళ్లకి మిగిలినవి మూడే బళ్లు: కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో చేసే అంబాసిడర్, బొంబాయిలో చేసే ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్.

మూడింటికీ కలిపి తయారయ్యేది తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. దాంతో 1959లో కార్ల పంపిణీకి, అమ్మకానికి కంట్రోలు ఉత్తర్వు వచ్చింది. రేషన్ కార్డు మీద పంచదార తెచ్చుకున్న తరం వాళ్లకి ఇది కొత్తగా అనిపించి ఉండదు. డబ్బు కట్టి పేరు రాయించుకోవాలి, నంబరు వచ్చేదాకా ఏళ్లకేళ్లు ఆగాలి. కొన్న కొత్తలో అనుమతి లేకుండా ఇంకొకరికి అమ్మకూడదని షరతు. 1969లో అయితే ఏ కారు ఎంతకి అమ్మాలో ప్రభుత్వమే ధర కట్టింది. గిట్టదని కంపెనీలు సుప్రీంకోర్టుదాకా వెళ్లాయి.

ధరకి మూత పెట్టి, సరుకు తక్కువ ఉంచితే ఏమవుతుందో వంటగ్యాస్ కనెక్షన్ కోసం ఎదురుచూసిన మనకి తెలుసు. కొత్త కారు కంటే పాత కారు ఖరీదు ఎక్కువైంది! మామయ్యగారు 1961లో పేరు రాయిస్తే 1966లో బండి వచ్చింది. వచ్చిన వారానికే రాజమండ్రిలో ఒక సినిమా హాలు ఓనరు ఇంటికొచ్చి, కొన్నదాని మీద నాలుగు వేలు ఎక్కువిస్తాను, తాళం చెవులు ఇచ్చెయ్యమన్నాడట. అత్తయ్యగారు ఇప్పటికీ ఆ నాలుగు వేలని తలుచుకుంటారు, ఆ రోజుల్లో దాంతో ఎన్ని కాసులొచ్చేవో లెక్క చెప్తూ.

ఆ వైభవం 1983 డిసెంబరుతో పోయింది. మారుతి 800 వచ్చింది. చిన్నది, తేలిక, పొద్దున్నే ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది. ఫియట్ అప్పటికే ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుంది. పద్మినిలు బొంబాయిలో టాక్సీలయ్యాయి. ఆ నలుపు పసుపు టాక్సీల్లో చివరిది 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. మన ఊళ్లలో పాత ఫియట్లు డ్రైవింగ్ స్కూళ్లకి పోయాయి, మిగిలినవి షెడ్లలో కొబ్బరి మట్టల కింద ఉండిపోయాయి. ఖరీదు కట్టే పని అప్పుడు తుక్కువాళ్ల చేతికొచ్చింది. వాళ్లు కిలోల్లో కడతారు.

ఆ తర్వాత కట్టింది ఇన్సూరెన్స్ కంపెనీ. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, డబ్బు పోయేది ఇక్కడే. మన దేశంలో 2002 టారిఫ్‌తో ఐడీవీ అనే మాట వచ్చింది. ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ, అంటే కారు పూర్తిగా పోతే కంపెనీ ఇవ్వాల్సిన మొత్తం. కొత్త కారుకి దీన్ని ఒక పట్టిక చూసి వేస్తారు. షోరూము ధరలో మొదటి ఆర్నెల్లకి 5 శాతం తీసేస్తారు, ఏడాదికి 15, రెండేళ్లకి 20, అలా అయిదేళ్లు నిండేసరికి సగం. పట్టిక అక్కడితో ఆగిపోతుంది. అయిదేళ్లు దాటిన బండికి, కంపెనీ తయారుచేయడం మానేసిన మోడలుకి ఐడీవీ ఎంతన్నది కంపెనీ, కారు యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాలి. రూల్లో ఉన్నదే ఇది. పాత కారున్న ఇంట్లో పది మందిని అడిగితే ఒక్కరికి తెలియదు. ఏజెంటు ఏటా పదో వంతు తగ్గిస్తూ పోతాడు, ప్రీమియం తగ్గింది కదా అని మనం సంతోషిస్తాం.

ఆ సంతోషం ఖరీదెంతో విశాఖపట్నంలో మా పిన్నివాళ్లు చూశారు. వాళ్లది పద్మిని, ఐడీవీ 25,000. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చిన రోజు కాంపౌండు గోడ కారు ముందు భాగం మీద పడింది. టింకరింగ్, పెయింటింగ్ అన్నీ కలిపి 38,000 అవుతుందని షెడ్డువాళ్లు రాసిచ్చారు. బాగుచేసే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఆ కారు పూర్తిగా పోయినట్టే లెక్క. వీళ్ల విషయంలో ఆ గీత 18,750 దగ్గరే ఉంది. బానెట్టు, రెండు మడ్‌గార్డులు, ఒక అద్దం దెబ్బతిన్న బండిని కంపెనీ చచ్చిపోయిందని రాసేసింది. తుక్కు విలువ కింద 6,000, పాలసీ ప్రకారం మనం భరించాల్సిన 1,000 తీసేసి, కారు వాళ్ల దగ్గరే ఉంచుకుంటే 18,000 ఇస్తామంది. ఆ ముందు ఏడాదే సినిమావాళ్లు అదే కారుని రెండు లక్షలకి అడిగి వెళ్లారు. ఆ మాట సర్వేయరుతో బాబాయి ఎన్నిసార్లు చెప్పినా ప్రయోజనం లేదు, కాగితం మీద సంతకం తనదే కదా.

ఖరీదు తక్కువ రాయించుకుంటే పూర్తి నష్టానికే తక్కువొస్తుందని అనుకుంటాం. నిజానికి చిన్న దెబ్బ కూడా పూర్తి నష్టమైపోతుంది. ఖరీదు సరిగ్గా ఉండి రిపేరుకే డబ్బిచ్చినా, పదేళ్లు దాటిన బండికి మార్చిన ఇనప భాగాల ఖరీదులో సగమే ఇస్తారు, రబ్బరు, ప్లాస్టిక్ వాటికీ సగమే. ఇక థర్డ్ పార్టీ మాత్రమే కట్టేవాళ్లకి, అది చట్టం కోసం ఎదుటివాళ్లకి కట్టేది, మన బండికి పైసా రాదు.

మరి పాత కార్లకి వేరే దారి లేదా అంటే, ఆ 2002 టారిఫ్‌లోనే ఒక కిటికీ ఉంది. ఇద్దరూ ముందే ఒప్పుకున్న మొత్తాన్ని ఏ తరుగూ తీయకుండా ఇచ్చే పాలసీని మామూలు కార్లకి నిషేధించి, వింటేజ్ కార్లకి మాత్రం ఒప్పుకున్నారు. వింటేజ్ అంటే 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ క్లబ్బు ధ్రువపత్రం ఉన్నది. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు నిజాంగారి పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు, వెనకాల సింహాసనంలాంటి సీటుతో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చిన 1912 నాటి బండి. ఈ కిటికీ అలాంటివాటికి. 1966 ఫియట్ దాని ముందు పసిపిల్ల.

2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ ఇంకో నిర్వచనం తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్నవి వింటేజ్. నంబరు ప్లేటులో 'వీఏ' అని వస్తుంది. కొత్తగా రిజిస్టరు చేయించడానికి 20,000, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. మరుసటి ఏడాది నుంచి అలాంటి కార్లకి థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గింపు కూడా ఇచ్చారు. అంటే ఒక లెక్కలో మా కారు వింటేజ్, ఇంకో లెక్కలో కాదు! మేం వీఏ ప్లేటు వద్దనుకున్నాం. ఆ ప్లేటున్న కారుని ఎగ్జిబిషన్లకీ ర్యాలీలకీ, పెట్రోలుకీ రిపేర్లకీ తప్ప రోజువారీ పనులకి తిప్పకూడదు. అత్తయ్యగారికి అందులో అన్నవరం వెళ్లాలి. సత్యనారాయణస్వామి దర్శనం ఎగ్జిబిషన్ కిందకి రాదు.

కాబట్టి మాకు మిగిలింది మాట్లాడి తేల్చుకునే దారే. దానికి ఆధారం కావాలి. లైసెన్సున్న సర్వేయరుని డబ్బిచ్చి పిలిపించాం. ఆయన మెరిసే పెయింటు వైపు చూడనే లేదు. ముందు ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీ పుస్తకంతో సరిచూశారు. చాలా ఫియట్లలో డీజిల్ ఇంజన్లు ఎక్కించేశారట, స్టీరింగు పక్కనుండే గేరు తీసి కిందకి పెట్టించేశారట. మాది రెండూ అసలువే. కిందకి పాకి తుప్పు చూశారు. సీటు కవర్లు మారాయని రాసుకున్నారు. ఇలాంటి బళ్లు ఈ మధ్య ఎంతకి అమ్ముడయ్యాయో సంపాదించారు. తర్వాత, "ఈ అరవై ఏళ్లలో ఏమేం మార్చారో కాగితాలేమైనా ఉన్నాయా?" అనడిగారు.

మగవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. అత్తయ్యగారు లోపలికెళ్లి ట్రంకు పెట్టెలోంచి పద్దు పుస్తకాలు తెచ్చారు. పాలు, పచారీ సరుకులు, పిల్లల ఫీజులు, వాటి మధ్యలో కారు. 1966లో బండి రసీదు పిన్నుతో గుచ్చి ఉంది. 1978లో నాలుగు టైర్లు. 1984లో ఇంజను బోరింగు, మెకానిక్కి ఇచ్చిన కూలితో సహా. ఫలానా నెల కారు ఖర్చు వల్ల చీర వాయిదా అని కూడా ఒక చోట రాసుంది. సర్వేయరు ఆ పేజీలన్నిటికీ ఫోటోలు తీసుకున్నారు. ఒకే ఇంట్లో ఉందనడానికి, ఇంజను మార్చలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం దొరకదన్నారు. ఆయన రిపోర్టులో వేసిన ఖరీదు 3,50,000. అది మా బండికి, ఆ పుస్తకాలతో కలిపి. మీ షెడ్డులో ఉన్నదానికి అదే వస్తుందని అనుకోకండి.

ఆ రిపోర్టు చూశాక బావగారు వద్దనుకున్నారు. మూడున్నర లక్షలకే లెక్కగట్టుకుని ఆడపడుచే తీసుకుంది. పాత ఇన్సూరెన్స్ కంపెనీ అంత ఐడీవీ సిస్టమ్ తీసుకోదు అంది. రెండో కంపెనీ రిపోర్టు, ఫోటోలు చూసి 3,00,000కి ఒప్పుకుంది. ఏడాదికి ప్రీమియం కొన్ని వేలు పెరిగింది. ఒకసారి పాలసీలో రాశాక బండి పూర్తిగా పోతే ఆ ఏడాదంతా అదే మార్కెట్ విలువ కింద లెక్క, మధ్యలో మళ్లీ తరుగు తీయడానికి లేదు.

ఏడాది దాటాక రెన్యూవల్ నోటీసు వచ్చింది. 2,70,000 అని అచ్చువేసి పంపారు. మా ఆడపడుచు దాని మీద ఎర్ర ఇంకుతో గీటు పెట్టి, రిపోర్టు జతచేసి వెనక్కి పంపింది. ఇంకా జవాబు రాలేదు. గడువుకి తొమ్మిది రోజులుంది.