ఇంటి దగ్గరే కాన్పు అనుకుంటున్నారా? నొప్పులు రాకముందే రాసుకోవాల్సిన ప్లాన్ ఇదీ

ఇంట్లో కాన్పు చేసుకోవడం నేరమా? కాదు. ఇంట్లో కనకూడదని చెప్పే చట్టమేదీ లేదు. ఆశ కార్యకర్త, ఏఎన్ఎం దవాఖానకు పొమ్మని వెంటపడతారు. అది వాళ్ల డ్యూటీ, దానికి కారణం కూడా ఉంది. అయినా నిర్ణయం మీదే. అందుకే ఆ నిర్ణయాన్ని నొప్పులు మొదలైన రాత్రికి వదిలేయకుండా, ఏడో నెలలోనే కూర్చొని ఒక కాగితం మీద పెట్టండి.

2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. మరి ఇంటి కాన్పు మాట ఇప్పుడెందుకు వస్తోంది? అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో 81.5 శాతం, సర్కారు దవాఖానల్లో 44.5 శాతం. 'దవాఖానకు పోతే కోసేస్తరు' అనే భయం ఊరికే పుట్టలేదు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ దానికి మందు ఇంట్లో కనడమేనా అన్నది వేరే ప్రశ్న.

ముందు ఇది చూసుకోండి

మీ ఎంసీపీ కార్డు తీయండి. మొదటి కాన్పు సిజేరియన్ అయి ఉంటే, కవలలైతే, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నా కాళ్లు కిందికి ఉన్నా, బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉన్నా, హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువున్నా, షుగర్ ఉన్నా, ఇంతకుముందు కాన్పులో ఎక్కువ రక్తం పోయినా, బిడ్డ చనిపోయి పుట్టినా ఇంటి కాన్పు ఆలోచన అక్కడితో ఆపేయండి. ముప్పై ఏడు వారాలు నిండకముందే నొప్పులొస్తే కూడా అంతే. ఇంట్లో సర్దుకునే సంగతులు కావివి.

ఇవేవీ లేకపోయినా ఒక మాట గుర్తుంచుకోవాలి. కాన్పు తర్వాత వచ్చే రక్తస్రావం ముందుగా చెప్పి రాదు. తొమ్మిది నెలలూ అన్ని పరీక్షలూ బాగున్న మనిషికి కూడా రావచ్చు. ఆపకపోతే రెండు గంటల్లోపే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ప్లాన్‌లో మొట్టమొదట రాయాల్సింది మంత్రసాని పేరు కాదు, మీ గుమ్మం నుంచి ఆపరేషన్ థియేటర్, రక్తం ఉన్న దవాఖానకు ఎంతసేపు పడుతుందన్నది.

దారి, బండి

భువనగిరి పట్టణంలో ఉండేవారికి జిల్లా ఆసుపత్రి దగ్గరే. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. వరంగల్ హైవే మీద ఉన్న ఆలేరు, విజయవాడ హైవే మీద ఉన్న చౌటుప్పల్ వాళ్లకూ బండి దొరుకుతుంది. చిక్కంతా లోపలి ఊళ్లకు, సంస్థాన్ నారాయణపురం వైపు తండాలకు, మూసీకి అటూఇటూ ఉన్నవాళ్లకు. జూలూరు–రుద్రవెల్లి లోలెవల్ వంతెన, సంగెం దగ్గర భీమలింగం కత్వ వరదొచ్చినప్పుడు మునిగి రాకపోకలు ఆగిపోవడం ఈ జిల్లా వాళ్లకు కొత్త కాదు. మీ డెలివరీ తేదీ జూలై నుంచి అక్టోబరు మధ్య పడుతుంటే, మూసీ దాటకుండా వెళ్లగలిగే దవాఖాన ఏదో ఇప్పుడే తేల్చుకోండి. అది దూరమైనా సరే. లేదా తేదీకి వారం ముందే ఇవతలి ఒడ్డున ఉన్న చుట్టాలింటికి మారండి.

నొప్పులకు, ఆపదకు 108కి ఫోన్ చేయాలి. 102 అమ్మ ఒడి బండి చెకప్‌లకు తీసుకుపోవడానికి, కాన్పయ్యాక తల్లీబిడ్డల్ని ఇంటికి దింపడానికి. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుంటారు. 108 వాళ్లు ఊరి పేరు, మండలం, గుర్తు అడుగుతారు. అది ఇంట్లో ఎవరైనా ఫోన్లో చదివి చెప్పేలా ప్లాన్ కాగితం మీద పెద్దక్షరాలతో రాయండి. ఊళ్లో రాత్రి పూట పిలిస్తే వచ్చే ఆటోవాళ్లో, కారువాళ్లో ఇద్దరి నంబర్లు కూడా రాయండి. ఒక్కరివి చాలవు.

ఇంకో సంగతి. తొలికాన్పుకు పుట్టింటికి పోవడం మనకు ఆనవాయితీ. వలిగొండలో పేరు నమోదై, మోత్కూరులో కాన్పు కావచ్చు. ఎంసీపీ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మీతోనే ఉండాలి. పుట్టింటికి చేరిన మర్నాడే అక్కడి ఆశ అక్కకు కార్డు చూపించండి. ఆమె లిస్టులో మీరు లేకపోతే మీ ఇంటి వైపు ఎవరూ చూడరు.

ఎవరుండాలి, ఏముండాలి

కాన్పు చేసేది నర్సింగ్ గానీ ఏఎన్ఎం గానీ చదివినవాళ్లయి ఉండాలి. మంత్రసాని చేతివాటం ఎంత మంచిదైనా రక్తం ఆపే మందు, బిడ్డకు ఊపిరి అందించే సంచి ఆమె దగ్గర ఉండవు. ఊళ్లో ఆర్ఎంపీని పిలిచి నొప్పులు పెరిగే ఇంజెక్షన్ వేయించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గర్భసంచి చిట్లిపోవచ్చు, లోపల బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి.

సామాను పెద్దగా ఏమీ ఉండదు. సబ్బు, శుభ్రమైన ప్లాస్టిక్ షీటు, ఉతికి ఎండలో ఆరేసిన బట్టలు, విప్పని కొత్త బ్లేడు, మరిగించిన దారం, టార్చిలైటు. బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె ఏదీ పెట్టకూడదు. రక్తం అవసరమైతే ఇచ్చేందుకు ఒప్పుకున్న ఇద్దరి పేర్లు, వాళ్ల గ్రూపు రాసిపెట్టండి. పెద్దపిల్లల్ని ఆ రాత్రి ఎవరింట్లో ఉంచుతారో కూడా రాయండి. బయల్దేరే వేళ దాని మీదే అరగంట పోతుంది.

ఎప్పుడు బయల్దేరాలి

ఈ భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి, ముఖ్యంగా అత్తమ్మకు. ఉమ్మనీరు పచ్చగా పోయినా, ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోయినా, కాన్పుకు ముందే రక్తం కనిపించినా, ఫిట్స్ వచ్చినా, తల పగిలిపోతున్నట్టు నొప్పి వచ్చి కళ్లు మసకలైనా, బిడ్డ కదలికలు తగ్గినా, నొప్పులు పన్నెండు గంటలు దాటినా 108కి ఫోన్ చేయాలి. బిడ్డ పుట్టిన అరగంటకూ మాయ పడకపోయినా, ఒక ప్యాడు ఐదు నిమిషాల్లోపే తడిసిపోతున్నా ఫోన్ చేయాలి. 'ఇంకాసేపు చూద్దాం' అనే మాట అప్పుడు చెల్లదు. ఆ క్షణంలో ఇంటి పెద్దను అడగాల్సిన పని లేకుండా, ఫోన్ చేసే హక్కు ఎవరిదో ముందే పేరు రాయండి. గర్భిణి పేరే రాస్తే మరీ మంచిది.

దవాఖానకే పోవాలనుకున్నా బండి వచ్చేలోపే బిడ్డ పుడితే? కంగారు పడకండి. బిడ్డను పొడిబట్టతో తుడిచి తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు ఆనేలా పడుకోబెట్టి, ఇద్దరి మీదా దుప్పటి కప్పండి. 108 వస్తోందంటే బొడ్డుతాడు కోయాల్సిన పని లేదు, అలాగే ఉంచండి. తాడు పట్టి లాగొద్దు, పొట్ట మీద నొక్కొద్దు. వెంటనే రొమ్ము పట్టించండి. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం వద్దు. తొలి స్నానం ఇరవై నాలుగు గంటల తర్వాతే.

దవాఖానలో కూడా ప్లాన్ పనికొస్తుంది

ఇంట్లో కనాలన్న కోరిక వెనక చాలాసార్లు ఉండేవి ఇవే: పక్కన మనవాళ్లు ఉండాలి, ఎవరూ అరవొద్దు, అక్కర్లేకుండా కోయొద్దు. ఇవి అడగదగ్గవే. సర్కారు దవాఖానలో కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చారు. మామూలు కాన్పుల్ని ఓపిగ్గా చేయించడమే వాళ్ల పని. తొమ్మిదో నెల చెకప్‌లో మీ ప్లాన్ కాగితం చూపించి, మిడ్‌వైఫ్ ఉన్నారా, తోడెవరు ఉండొచ్చు, సిజేరియన్ చేయాల్సి వస్తే కారణం చెబుతారా అని అడగండి. నోటితో అడగడానికి మొహమాటమైతే కాగితమే అడుగుతుంది.

డబ్బు సంగతి కూడా ఉంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కింద సర్కారు దవాఖానలో సిజేరియన్‌తో సహా కాన్పు, మందులు, రక్తం, తిండి, రానుపోను బండి అన్నీ ఉచితం. ఇంట్లో కంటే, బీపీఎల్ కుటుంబాలకు జననీ సురక్ష యోజన కింద వచ్చేది 500 రూపాయలు మాత్రమే.

ఇంట్లో పుట్టిన బిడ్డకు కాగితాలు

పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపు హెపటైటిస్-బి టీకా పడాలి. బీసీజీ, పోలియో చుక్కలు కూడా అప్పుడే. ఏఎన్ఎంకు అదే రోజు కబురు చేయండి. ఇంటి కాన్పైతే ఆశ ఏడుసార్లు ఇంటికి రావాలి: 1, 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో. రాకపోతే పీహెచ్‌సీలో అడగండి.

దవాఖానలో పుడితే జననం నమోదు వాళ్లే చూసుకుంటారు. ఇంట్లో పుడితే ఆ బాధ్యత ఇంటి యజమానిది. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శికి, భువనగిరి పట్టణంలో అయితే మున్సిపాలిటీలో, 21 రోజుల్లోపు చెప్పాలి. రుసుము ఉండదు. నెల దాటితే అధికారి రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం. పేరు పెట్టలేదని ఆగొద్దు. పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు. ఇరవై ఒకటో రోజు తొట్టెల ఫంక్షన్ పెట్టుకుంటే, దానికి ముందు రోజే పంచాయతీ ఆఫీసుకు వెళ్లిరండి.