లేపాక్షి నాట్య మంటపం: మద్దెల బ్రహ్మది, తోలు ఎవరిది?

మా రామకుప్పం వైపు డప్పును పలక అంటారు. తోలు నానబెట్టి, వెంట్రుక గీకి, చింతగింజల జిగురుతో కొయ్య చట్రానికి బిగిస్తారు. వాయించే ముందు మంట సెగ చూపిస్తారు. చావుకూ, జాతరకూ, చాటింపుకూ పలక కావాల. పలక కొట్టే మనిషి మాత్రం గుడి గడపకు ఇవతలే నిలబడాల. ఈ గడప చరిత్ర వెతుక్కుంటూ పోతే నేను లేపాక్షిలో తేలినాను.

లేపాక్షి వీరభద్రస్వామి గుడి విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలం (1529-1542) నాటిది. కట్టించినవాళ్లు పెనుకొండలో కొలువు చేసిన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. అక్కడి నాట్య మంటపానికి 70 స్తంభాలు. నడుమ స్తంభాల మీద రంభ ఆడుతుంటుంది. బ్రహ్మ మద్దెల, తుంబురుడు వీణ వాయిస్తుంటారు. మూడు కాళ్ల భృంగి ఆట నేర్పుతుంటాడు. అంటే నాట్యం, వాద్యం, గురువు అన్నీ దేవలోకం నుంచే దిగి వచ్చాయని ఆ రాయి చెప్తుంది.

రాతి మద్దెలకు తోలు అక్కర్లేదు. మోగే మద్దెలకు కావాల. ఈనాటి మృదంగాన్నే చూడండి. దాని మూతల్లో, వార్లలో ఆవు, మేక, గేదె తోళ్లు మూడూ కలుస్తాయి. తోలు ఎక్కడ పలచన, ఎక్కడ మందం అని వేళ్లతో పసిగట్టాల. గాయకుడి శ్రుతికి సరిపోయేలా బిగించాల. ఇది చెవి వున్నవాడు చేసే పని. అంటే సంగీత జ్ఞానమే. అయినా దాన్ని 'తోలు పని' అని పిలిచి, చేసినవాడిని అంటరానివాడన్నారు. చచ్చిన గొడ్డు తోలు మాదిగ చేతిలో మైల, మంటపంలో మంగళవాద్యం! ఇదెట్లా కుదిరింది?

లేపాక్షి మద్రాసు రాష్ట్రంలో వుండగా ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. మంటపం లేచిన నాలుగు వందల ఏళ్లకు గానీ అంటరాని కులాలకు చట్టం గుడి తలుపు తెరవలేదు. మన చేతి తోలు ముందే లోపలికి పోయింది, మనం మాత్రం బయటే వున్నాం.

ఇదంతా పాత కథ అనే మిత్రులకు ఒక మాట. మృదంగం చేసేవాళ్ల మీద, వాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు, టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశారు. 2020లో దాని ఆవిష్కరణకు మద్రాసు కళాక్షేత్ర మొదట తన ప్రేక్షాగారం ఇస్తానని, తర్వాత వివాదాస్పదమని అనుమతి వెనక్కి తీసుకుంది. నాట్యశాలలో మృదంగానికి చోటుంది, దాన్ని చేసినవాళ్ల చరిత్రకు లేకపోయింది.

కాబట్టి లేపాక్షి వారసత్వమంటే రంభ భంగిమ ఒక్కటే కాదు. ఆ మద్దెల వెనక వున్న శ్రమా, విద్యా కూడా. విరూపణ్ణ పేరు నిలిచింది. తోలు బిగించినవాళ్ల పేర్లు రాయి మీద దొరక్కపోవచ్చు, మన పేటల్లో ముసలివాళ్ల నోట్లో ఇంకా వున్నాయి. మీ ఊళ్లో పలక ఎవరు చేసేవాళ్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? విద్యార్థులూ, టీచర్లూ ముందు అది రాసి పెట్టండి. మన సంగీత చరిత్ర అక్కడ మొదలవుతుంది.