ఇరువదియొక్క అంకెల సంఖ్య

ఒకటిచేతను, తనచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య యనియు, తక్కినవి సంయుక్త సంఖ్యలనియు మనము బడిలో చదువుకొంటిమి. ఏడు ప్రధానము. పదునైదు మూడైదుల లబ్ధము గనుక సంయుక్తము. చిన్న సంఖ్యల జాతి చిటికెలో తెలియును. పెద్ద సంఖ్యల జాతి తేలుటకు తరములు పట్టవచ్చును. అట్టి యొక సంఖ్య కథను ఇచట తలచుకొందము.

రెండును అరువదియేడు మార్లు వ్రాసి హెచ్చవేసి, ఫలితమునుండి ఒకటి తీసివేసినచో 14,75,73,95,25,89,67,64,12,927 వచ్చును. ఫ్రెంచి క్రైస్తవ సన్యాసియగు మెర్సెన్ 1644లో ఇట్టి సంఖ్యలలో ప్రధానములైనవానికి ఒక పట్టిక ప్రకటించి, దీనిని అందు చేర్చెను. ఉపపత్తి మాత్రము చూపలేదు. అయినను ఆ మాటను కాదని నిరూపించుటకు 232 సంవత్సరములు పట్టినది.

1876లో ఫ్రాన్సు దేశీయుడే యగు ఎడ్వర్డ్ లూకా ఇది సంయుక్తమని తేల్చెను. విచిత్రమేమన, దీనిని భాగించు సంఖ్యలేవో ఆయన చెప్పలేదు. ఆయన పద్ధతికి వానితో పనిలేదు. ఇంట దొంగ యున్నాడని తెలిసినది గాని, దొంగ యెవడో తెలియలేదు.

వెదకుటకు ఒక ఆధారము కలదు. ఈ సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య యేదైనను, దానిని 134చే భాగింపగా ఒకటియే శేషము మిగులవలెను. 135, 269, 403 అని సాగు ఆ వరుసలో అసలు భాజకము 14,45,580వ స్థానమున దాగియున్నది!

దానిని పట్టుకొన్నవాడు అమెరికా దేశపు ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరులో న్యూయార్కున జరిగిన గణితశాస్త్రజ్ఞుల సభలో ఆయన ఒక్క మాటైన పలుకక, నల్లబల్లపై ఒకవైపు ఈ సంఖ్యను గట్టి, మరియొకవైపు 19,37,07,721ను 7,61,83,82,57,287చే హెచ్చవేసి చూపెననియు, రెండు ఫలితములును ఒక్కటే యగుటతో సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెననియు బెల్ అను గణితాచార్యుడు వ్రాసెను. ఈ శోధనకు మూడేండ్ల ఆదివారములు పట్టినవని కోల్ తనతో చెప్పినట్లును ఆయనయే వ్రాసెను.

హెచ్చవేత ఒక పూట పని. విడదీయుట ఏండ్ల పని. నేడు యంత్రములు ఈ సంఖ్యను క్షణములో విడదీయును. కాని వందలకొలది అంకెలుగల సంఖ్యలయెదుట ఆ యంత్రములును నిలిచిపోవుచున్నవి. 1977లో రూపొందిన ఒక ప్రసిద్ధ రహస్యలిపి పద్ధతి ఈ కష్టమునే పునాదిగా చేసికొన్నది. కోల్ ఆదివారములను హరించిన చిక్కే ఇపుడు మన ఉత్తరములకును, ధనమునకును కావలి కాయుచున్నది.