మనమరాలి ఉప్పునీళ్ళ కొలను, మన ఉప్పర పెద్దలు

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు రిటైరయ్యాకే నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో మా పెద్దమ్మాయి ఇంట్లో నాలుగు నెలలు ఉండి వచ్చాను. ఇంటి వెనక ఈతకొలను ఉంది. 40,000 లీటర్లు పడుతుంది, అందులో ఉప్పునీళ్ళు. అల్లుడు ఆఫీసుకు పోతే దాన్ని చూసుకునే పని నాదయింది.

ఉప్పునీళ్ళు కదా, క్లోరిన్ అక్కర్లేదని నేననుకున్నాను. అది తప్పు. ఆ ఉప్పులోంచే క్లోరిన్ పుడుతుంది. పంపు పక్కన చిన్న గొట్టంలో టైటానియం రేకులుంటాయి. వాటికి కరెంటు ఇస్తే నీళ్ళలోని ఉప్పు విడిపోయి క్లోరిన్ వస్తుంది. అది పాచిని, క్రిములను చంపి మళ్ళీ ఉప్పయిపోతుంది. ఉప్పునీళ్ళకు కరెంటు పెడితే క్లోరిన్ వస్తుందని 1800లోనే క్రూక్‌షాంక్ అనే ఆయన చేసి చూశాడు. మన మెట్టూరులో డ్యాం కట్టాక దాని కిందే వెలసిన కెమికల్ ఫ్యాక్టరీది కూడా ఇదే పని. సేలం పక్క గూడ్సు షెడ్డులో ఉన్నన్నాళ్ళు ఉప్పు మూటలకు రసీదులు రాసినవాణ్ణి, ఉప్పెక్కిన వ్యాగన్ ఎట్లా తుప్పు పడుతుందో చూసినవాణ్ణి, అయినా ఈ సంగతి నాకు తట్టలేదు.

సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు. ఈ కొలనులో 4 గ్రాములే. కన్నీళ్ళ ఉప్పులో సగం కూడా లేదు.

ఒకరోజు మిషను మీద ఉప్పు తక్కువని దీపం వెలిగింది. అంతకుముందు వారం పెద్ద వాన కురిసింది, నీళ్ళు పొంగి పోయాయి. సరే, ఉప్పు కొట్టుకుపోయి ఉంటుందని 20 కిలోల మూటలు మూడు పోసేశాను. దీపం ఆరలేదు. సాయంత్రం అల్లుడు వచ్చి కొలిచి చూస్తే లీటరుకు ఐదున్నర గ్రాములు! అసలు సంగతేమంటే రేకులకు సున్నం పట్టింది. పల్చని యాసిడ్‌లో ముంచి కడిగితే పోయేది. ఎక్కువైన ఉప్పును తీసే మందు లేదు. ఉప్పు ఆవిరి కాదు. పావు వంతుకు పైగా నీళ్ళు వదిలేసి కొత్త నీళ్ళు పట్టాము. అల్లుడు ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ రాత్రి మా అవ్వ గుర్తొచ్చింది. ఆమెకు కొలిచే కాగితం అక్కర్లేదు. ఉప్పునీళ్ళు నాలుక మీద వేసుకుని ఇంకా కాగాలా, చాలా అని వాళ్ళ అత్త చెప్పేదని అనేది. మన పెద్దలు ఎండాకాలంలో చవుడు నేల పైమన్ను గీకి, అడుగున గడ్డి పరిచిన కుండలో పోసి, నీళ్ళు పోస్తే కిందికి కారేది ఉప్పునీరు. దాన్ని ఎండబెట్టో, కాచో ఉప్పు తీసేవాళ్ళు. అదే పద్ధతిలో సురేకారం, తమిళంలో వెడియుప్పు అంటామే, అది కూడా. ఉప్పర అనే పేరు అందుకే వచ్చింది. ఇక్కడ మనల్ని ఉప్పిలియర్ అంటారు.

1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం వచ్చింది. తర్వాత తర్వాత మన్ను ఉప్పు తీయడమే నేరమయింది. అధికారులు వచ్చి కుండలు పగలగొట్టి పోయారని అవ్వ వాళ్ళ అత్త చెప్పేదట. పార చేతిలోనే ఉంది కాబట్టి చెరువులు, కాలువలు, రైలు కట్టలు తవ్వడానికి పోయారు. 1909లో అచ్చయిన థర్స్టన్ పుస్తకంలో ఉప్పరలను చెరువులు తవ్వే, మట్టిపని చేసే వాళ్ళుగా రాశారు. 1930లో రాజాజీ తిరుచ్చి నుంచి వేదారణ్యానికి నడిచి ఉప్పు పట్టారు. మా ఇస్కూలులో ఈ పాఠం మూడుసార్లు చదివాను. కుండలు పగిలిన మావాళ్ళ మాట అందులో లేదు. 1947లో ఉప్పు పన్ను ఎత్తేశారు. అప్పటికి మా ఇంట్లో ఉప్పు కాయడం తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

మా నాయన ఈ పేరు బయట చెప్పేవాడు కాదు. నా పెళ్ళి పత్రికలో కూడా వేయించలేదు. ఆంధ్ర వైపు మనవాళ్ళు సగరులమని చెప్పుకుంటారు. సముద్రాన్ని తవ్విన సగరుడి కొడుకుల వంశం అంటారు. కథే కావచ్చు, కానీ తవ్వడం, ఉప్పు రెండూ అందులో ఉన్నాయి.

మనమరాలి ఇస్కూలులో మీ పెద్దలు ఏం పని చేసేవాళ్ళో రాసి తెమ్మన్నారు. రైల్వే అని రాయమని మా అమ్మాయి చెప్పింది. కొలను గట్టు మీద కూర్చుని, "తాతా, ఇంకా ముందు?" అని అడిగింది పిల్ల. నేను కాసేపు ఆగాను. తర్వాత చెప్పాను, కుండలు పగిలిన సంగతితో సహా. మా అమ్మాయి లోపలినుంచి వింటూనే ఉంది, ఏమీ అనలేదు. పిల్ల "ఉప్పు" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది.

మీ ఇళ్ళలో పాత దస్తావేజుల్లో, పట్టాల్లో ఈ పేరు ఉంటే ఫోటో తీసి సంఘం గ్రూపులో పెట్టండి. ఉప్పు కాచిన కుండ గానీ, చవుడు గీకిన పార గానీ ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే నాకు చెప్పండి. బస్సు చార్జీ పెట్టుకుని నేనే వచ్చి చూస్తాను.