తోలుబొమ్మ నుంచి టాకీ దాకా

పూర్తిగా తెలుగులో మాట్లాడిన మొదటి సినిమా ‘భక్త ప్రహ్లాద’. 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో, కృష్ణా థియేటర్లో విడుదలైంది. అందులో ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా వేసిన సురభి కమలాబాయి మన తొలి టాకీ నాయిక. ఈ ఒక్క వాక్యం సినిమా చరిత్ర రాసిన ప్రతివాళ్ళూ రాశారు. దాని వెనక ఉన్నదాన్ని మాత్రం తొందరగా దాటేశారు. గౌరవం గల ఇంటి ఆడపిల్ల ముఖానికి రంగు పూసుకోవడమే తప్పుగా చూసిన రోజుల్లో, పాట, మాట, అభినయం మూడూ వచ్చిన పాతికేళ్ళ నటి దర్శకుడు హెచ్.ఎం. రెడ్డికి ఎక్కడ దొరికింది? అప్పటికి నలభై ఆరేళ్ళుగా ఒక కుటుంబం అలాంటి నటుల్ని తయారు చేస్తూనే ఉంది.

కడప జిల్లాలో సురభి అనే ఊరుంది. 1885లో వనారస గోవిందరావు గారూ ఆయన వాళ్ళూ అక్కడ ఒక పెళ్ళి సందర్భంగా ‘కీచక వధ’ ఆడారు. ఊరి పేరే నాటక సమాజం పేరయింది, తర్వాత వాళ్ళందరి ఇంటిపేరులా స్థిరపడింది. నాటకాల్లోకి రాకముందు వాళ్ళది తోలుబొమ్మలాట. వాళ్ళు ఊరూరూ తిరుగుతూ బొమ్మలాడించి బతికిన మరాఠీ మూలాల కుటుంబాలు.

నన్నడిగితే కథలో అసలు మలుపు ఈ తోలుబొమ్మల దగ్గరే ఉంది. తోలుబొమ్మలాటలో సీతకూ ద్రౌపదికీ గొంతిచ్చేది ఇంటి ఆడవాళ్ళే. తెర వెనక మగవాళ్ళ పక్కన నిలబడి, కాళ్ళ కింది చెక్కలు తొక్కుతూ పాడతారు, వాదిస్తారు, శపిస్తారు. జనానికి వాళ్ళ ముఖం కనపడదు, అంతే. బొమ్మల స్థానంలో మనుషులు వేదిక ఎక్కినప్పుడు, ద్రౌపది మాటలు అప్పటికే నోటికి వచ్చిన మనిషిని లోపల కూర్చోబెట్టి, మీసం తీసేసిన మగవాడికి చీర కట్టాల్సిన అవసరం గోవిందరావు గారికి కనపడలేదు. ఆడవేషాలు ఆడవాళ్ళకే ఇచ్చారు, అదీ తమ ఇంటి ఆడవాళ్ళకే. బయటి సమాజాల్లో ఆ తర్వాత కూడా చాలాకాలం మగవాళ్ళే స్త్రీ పాత్రలు ధరించారు. అందులో స్థానం నరసింహారావు గారంతటి మహానటులు ఉన్నారు. ఆయన సత్యభామను ఎవరూ తక్కువ చేయలేరు. అయినా తెలుగు తెరకు నాయిక కావాల్సి వచ్చినప్పుడు దారి సురభి గుడారానికే పోయింది.

ఆ గుడారంలో నటించడం ఒక్కటే నేర్చుకుంటే చాలదు. తెర లాగాలి, హార్మోనియం దగ్గర కూర్చోవాలి, రంగు వేయాలి, దుస్తులు కుట్టాలి. సంసారం మొత్తం అక్కడే కాబట్టి వంటకీ కుట్టుకీ నటనకీ మనుషులు వేరు కారు. ద్రౌపది వేసే ఆమె దుశ్శాసనుడి అంగీకి నాడాలు కుడుతుంది.

ఆ కుట్టుపని గురించి కొంచెం ఆగి చెప్పాలి. తోలుబొమ్మ చేసేవాళ్ళు హారం, వడ్డాణం, కిరీటం ఉండే చోట తోలుకు సన్నని చిల్లులు వరసగా కొడతారు. వెనక దీపం వెలిగితే ఆ చిల్లుల్లోంచి వెలుగొచ్చి నగలు మెరుస్తాయి. వేదిక మీద దీపం ముందునుంచి పడుతుంది. అందుకని చిల్లు ఉన్న చోటికి చమ్కీ, అద్దం ముక్క, పూస వచ్చాయి. మఖమల్ గుడ్డ వెలుగును మింగేస్తుంది, దాని మీద కుట్టిన చమ్కీ వెలుగును వెనక్కి కొడుతుంది. గ్యాసు లైట్ల వెలుతుర్లో చివరి వరసలో నేలమీద కూర్చున్న మనిషికి రాజెవరో భటుడెవరో తెలిసేది ఆ తేడా వల్లే. కిరీటమూ అంతే. అట్టను తలకొలతకు కత్తిరించి, గుడ్డ అంటించి, బంగారు కాగితం, పూసలు అతికితే పది అడుగుల అవతల నుంచి అది మయసభకు సరిపోతుంది. ఒకే నటుడు ఒక రాత్రి రెండు మూడు వేషాలు మార్చాలి కనక గుండీలకు బదులు నాడాలు పెడతారు. ఈ ఏడు అక్క వేసుకున్నది మరో ఏడు చెల్లెలు వేసుకోవాలి కనక కుట్టు లోపల గుడ్డ మడిచి వదిలిపెడతారు. ఈ చదువుకు బడి లేదు. తల్లి ఒడిలో కూర్చుని సూదిలో దారం ఎక్కించడంతో మొదలవుతుంది.

కమలాబాయి 1907లో ఈ లోకంలో పుట్టింది. పుట్టడం కూడా వేదిక మీదే అని సురభి వాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. తల్లి దమయంతి పాత్రలో ఉండగా నొప్పులొచ్చాయట, తెర దించారట, బిడ్డ పుట్టిన కబురు విని జనం డబ్బులు విసిరారట. ఆ పిల్ల చిన్నప్పుడే కృష్ణుడు వేసింది, ప్రహ్లాదుడు వేసింది. పెద్దయ్యాక నాయిక పాత్రలతో పాటు మగవేషాలూ వేసింది. సినిమాలో కొడుకు కోసం కుమిలిపోయే లీలావతి, ఒకప్పుడు తానే ప్రహ్లాదుడై హరినామం పలికిన మనిషి. ఆ కథలో ఆమెకు తెలియని మాట లేదు.

1931 మార్చిలో ‘ఆలం ఆరా’ విడుదలై బొమ్మ మాట్లాడగలదని రుజువు చేసింది. తెలుగులోనూ ఒకటి తీయాలంటే, పాడగలిగి, పద్యం తప్పకుండా చెప్పగలిగి, కథ మొత్తం కంఠతా వచ్చిన బృందం కావాలి. గొంతు అరువిచ్చే నేపథ్య గాయకులు అప్పటికి లేరు. నటించేవాళ్ళే పాడాలి, పాడుతూనే నటించాలి. ధర్మవరం రామకృష్ణమాచార్యుల ప్రహ్లాద నాటకం వేదిక మీద అప్పటికే నలిగి ఉంది. సురభి నటుల్ని బొంబాయి తీసుకెళ్ళారు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, కమలాబాయి లీలావతి.

గుడారంలో నేర్చినదంతా స్టూడియోలో పనికొచ్చిందా అంటే, సగమే పనికొచ్చిందనాలి. తొలి టాకీల మైకు విచక్షణ లేని చెవి. పద్యంతో పాటు గాజుల చప్పుడు, పట్టుచీర గరగర అన్నీ పట్టేస్తుంది. నలుపు తెలుపు బొమ్మలో ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగుగా తేలిపోవచ్చు, కాబట్టి గుడారంలో రంగుతో చూపించిన తేడాను ఇక్కడ జరీతో, అంచుతో, గుడ్డ బరువుతో చూపించాలి. చివరి వరస కోసం దిద్దిన కనుబొమ నాలుగు అడుగుల దూరంలో ఉన్న కెమెరాకు ఎక్కువైపోతుంది. ఆ తొలి తరం నటులందరూ వేదిక మీది చెయ్యి తగ్గించుకోవడం నేర్చుకుంటూనే పనిచేశారు.

ఆ తర్వాత ఆమె ‘శకుంతల’, ‘పాదుకా పట్టాభిషేకం’ చేసింది, ఏళ్ళ తరబడి బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లో నటించింది. తిరిగి తెలుగులోకి వచ్చేసరికి వయసూ మారింది, సినిమా తీరూ మారింది. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’ చూసినవాళ్ళకు తోటరాముడి తల్లి గుర్తుండే ఉంటుంది. ఆ తల్లి కమలాబాయే. ఎన్.టి. రామారావును కళ్ళారా చూడ్డానికి ఎగబడిన జనంలో, ఆయన పక్కనున్న ముసలమ్మే తమ తొలి నాయిక అని ఎంతమందికి తట్టిందో! 1971లో ఆమె కన్నుమూసింది.

ఇదే దారిలో నడిచిన మరో మనిషి ప్రమీల. కలకత్తా బాగ్దాదీ యూదుల ఇంట ఎస్తర్ విక్టోరియా అబ్రహాంగా పుట్టింది. సంచార పార్సీ నాటక కంపెనీలో చేరి, సినిమా రీళ్ళు మార్చే వ్యవధిలో జనం లేచిపోకుండా నాట్యం చేసేది. అక్కడి నుంచి బొంబాయి తెరకు వెళ్ళింది, 1947లో మొదటి మిస్ ఇండియా అయింది, తన దుస్తుల్ని తనే రూపొందించుకుంది, సిల్వర్ ప్రొడక్షన్స్ పేరుతో సొంతంగా 16 సినిమాలు నిర్మించింది. ఒకరిది పద్యం, ఒకరిది నాట్యం. ఇద్దరికీ చదువు చెప్పింది సంచార కంపెనీయే, ఇద్దరూ వేషం ఎవరో కట్టిపెడితే నిలబడే బొమ్మలు కారు. దుస్తుల పనికి ప్రపంచం లేచి నిలబడిన రోజు 1983లో వచ్చింది. ‘గాంధీ’ చిత్రానికి భాను అథైయా ఆస్కార్ అందుకున్నారు, ఆ బహుమతి పొందిన తొలి భారతీయురాలయ్యారు.

సికింద్రాబాద్ జనరల్ బజారులో జరీ అంచులు, లేసులు, చమ్కీ ప్యాకెట్లు వేలాడే కొట్ల ముందు ఆగితే పెళ్ళిళ్ళవాళ్ళే కాక నాట్యం నేర్పేవాళ్ళూ కనపడతారు. అదే సికింద్రాబాద్ స్టేషన్లో ఎం.ఎం.టి.ఎస్. ఎక్కి లింగంపల్లిలో దిగితే సురభి కాలనీ దగ్గరే. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి బృందాలు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వాటిలో ఒకటైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన ఆర్. నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అని పిలిచే ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన వెళ్ళిపోయారు. సురభి ‘మాయాబజార్’ నాటకంలో దారాల మీద లడ్లు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే ఇప్పటికీ పిల్లలు కేకలు పెడతారు.

ఆ దారాలు కట్టిన చేతుల గురించి ఎవరో ఒకరు రాస్తారు. ఘటోత్కచుడి మఖమల్ అంగీ మీద చమ్కీ కుట్టిన చేతుల గురించి నాకు ఎక్కడా పెద్దగా కనపడలేదు. కమలాబాయి చిన్నప్పుడు తొడుక్కున్న కృష్ణుడి పీతాంబరం ఏ పిన్ని కుట్టిందో ఇక తెలుసుకోలేం. ఇప్పటి వేషాలు ఎవరు కుట్టారో అడిగి, పేర్లతో సహా రాసుకోవడం మాత్రం ఈ రోజుకీ సాధ్యమే. కుట్టినవాళ్ళు లింగంపల్లిలోనే ఉన్నారు.